‘అవగాహన లేదు’ అని రాయడం ఇక ఆపండి

రాష్ట్ర టీబీ విభాగం అధికారులకు, జిల్లా టీబీ అధికారులకు, పీహెచ్‌సీల్లో ఓపీ చూసే డాక్టర్లకు,

నమస్కారం.

నేను డాక్టర్ని కాను. సోషియాలజీ చదువుకున్నదాన్ని. టీబీ వచ్చినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, అరుగు మీదో మంచం పట్టె మీదో కూర్చుని, వాళ్ళు చెప్పింది విని రాసుకోవడం నా పని. దగ్గు ఎప్పుడు మొదలైంది, మొదట ఎవరికి చెప్పారు, ఎక్కడికి వెళ్ళారు, ఎంత ఖర్చయింది, కూలి ఎప్పుడు మానేశారు, ఇంట్లో ఎవరేమన్నారు, ఇవే నా ప్రశ్నలు. మీరు తెమడ చూస్తారు, ఎక్స్‌రే చూస్తారు. ఆ తెమడ డబ్బా మీ ల్యాబ్‌కి చేరేలోపు ఆ మనిషి ఎన్ని గడపలు ఎక్కి దిగిందో నేను చూస్తాను. రెండూ ఒకచోట పెట్టుకుని మాట్లాడుకోవాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ మధ్య ఒక జిల్లా సమీక్షలో కూర్చునే అవకాశం వచ్చింది. కేసులు ఎందుకు ఇంత ఆలస్యంగా బయటపడుతున్నాయన్న మాట వచ్చినప్పుడు ఒక అధికారి నా వైపు తిరిగి, "మేడమ్, వీళ్ళకు అవగాహన లేదండీ, అన్నీ మూఢనమ్మకాలు. ఆ నమ్మకాలేంటో మీరు రాసివ్వండి, మేం పోస్టర్లు వేయిస్తాం" అన్నారు. చెడ్డ మనసుతో అన్న మాట కాదది. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే రాత్రి ఏ పదికో ఇల్లు చేరే మనిషి ఆయన. అక్కడ నేను తలూపి ఊరుకున్నాను, ఊరుకున్నందుకు తర్వాత చాలా బాధపడ్డాను. ఎందుకంటే ఆ మాట నిజం కాదని మన పక్క రాష్ట్రంలోనే, నేను పుట్టకముందే తేలిపోయింది. తేల్చింది కూడా ఇళ్ళకు వెళ్ళి మనుషులతో మాట్లాడిన పరిశోధనే.

దేబబర్ బెనర్జీ పేరు మీలో కొందరు వినే ఉంటారు. డాక్టరు చదివి సామాజిక శాస్త్రం వైపు వచ్చినాయన, తర్వాత ఢిల్లీ జేఎన్‌యూలో సోషల్ మెడిసిన్ సెంటర్‌ను మొదలుపెట్టినాయన. 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ పెట్టినప్పుడు అక్కడ పనిచేశాడు. అప్పట్లో పెద్దవాళ్ళందరి అభిప్రాయం ఒక్కటే: పల్లెటూరి జనానికి జబ్బు సంగతి తెలియదు, తెలిసినా పట్టించుకోరు, కాబట్టి ఎక్స్‌రే వ్యాన్లు ఊరూరా తిప్పి మనమే వాళ్ళను పట్టుకోవాలి. బెనర్జీ, ఆయన సహోద్యోగి స్టిగ్ ఆండర్సన్ కలిసి తుమకూరు జిల్లాలో ఒక చిన్న పని చేశారు. సర్వేలో టీబీ ఉన్నట్టు బయటపడ్డవాళ్ళ దగ్గరికి మనుషుల్ని పంపి, నీ ఒంట్లో ఎలా ఉంది, దాని గురించి నువ్వేం చేశావు అని అడిగించారు. అంతే, అడిగారు. చూస్తే, వాళ్ళలో ఎక్కువమందికి ఒంట్లో తేడా ఉందని తెలుసు, దిగులు పడుతున్నారు కూడా. సగానికి పైగా మంది అప్పటికే ఆస్పత్రి మెట్లు ఎక్కి వచ్చారు. అక్కడ వాళ్ళ చేతిలో ఒక దగ్గుమందు సీసా పెట్టి పంపించారు.

1963లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది ఆ అధ్యయనం. జాతీయ టీబీ కార్యక్రమాన్ని విడిగా ఎక్కడో కాకుండా మామూలు ఆస్పత్రుల్లోనే నడపాలని అప్పుడు అనుకోవడానికి ఈ ఆలోచనే పునాది. జనం మన దగ్గరికే వస్తున్నారు, వచ్చినవాళ్ళను సరిగా చూడటం మొదట నేర్చుకుందాం అని. మీరు ఈరోజు పీహెచ్‌సీలో కూర్చుని టీబీ చూస్తున్నారంటే అందులో ఆ ఇంటర్వ్యూల పాత్ర ఉంది. అందుకే చెబుతున్నాను, సామాజిక శాస్త్రం మీ కార్యక్రమానికి బయటి చుట్టం కాదు, మొదటి నుంచీ ఇంటి మనిషే.

ఇప్పుడు నేను చూసిన ఒక గూటి సంగతి చెప్పాలి.

పాలమూరు వైపు ఒక ఊరు. ఆమెకు ముప్పై దాటి ఉండవు. భర్త పుణెలో సెంట్రింగ్ పని, ఆమె అక్కడే ఇసుక, కంకర మోసేది. పిల్లలిద్దరూ ఊళ్ళో అత్త దగ్గర. నేను వెళ్ళేసరికి ఆమెకు టీబీ మందులు మొదలై మూడు వారాలైంది. గోడకున్న గూట్లో వరసగా దగ్గుమందు సీసాలు. ఖాళీవి పారేయలేదు, కడిగి పెట్టుకున్నారు. ఒకదాంట్లో ఆముదం, ఒకదాంట్లో దీపం నూనె, ఒకదాంట్లో పిల్ల స్కూలుకి తీసుకెళ్ళే నీళ్ళలో కలిపే గ్లూకోజు పొడి, మిగతావి ఉత్తవే. ఏడు సీసాలు. ఇవన్నీ ఏంటమ్మా అని అడిగితే ఆమె ఒక్కోటి తీసి చూపిస్తూ, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. ఇది పుణెలో సైటు పక్కన మెడికల్ షాపువాడు ఇచ్చింది. ఇది కూడా వాడిదే, రెండోసారి. ఇది ఊరికొచ్చినాక ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చింది, సెలైన్ కూడా ఎక్కించిండు. ఇది టౌన్‌లో ప్రైవేటు దవాఖానలో, అక్కడ ఎక్స్‌రే తీసి నిమ్ము చేరిందన్నరు, ఐదు రోజులు సూదులు వేసిండ్రు. ఇది సర్కారు దవాఖానది. ఇది మళ్ళీ ఆర్‌ఎంపీది. ఈ చివరిది మా అన్న హైదరాబాద్ నుంచి తెచ్చిండు.

నాలుగున్నర నెలలు. కమ్మలు కుదువ పెట్టారు, అవి ఇంకా విడిపించలేదు. ఆ ఎక్స్‌రే తీసిన చోట కూడా తెమడ పరీక్ష చేయించమని ఎవరూ అనలేదు. సర్కారు దవాఖానలో ఓపీ చీటీ నేను చూశాను, "దగ్గు, 2 నెలలు" అని రాసి ఉంది. రెండు వారాలు దాటిన దగ్గుంటే తెమడ పరీక్ష చేయించాలని అదే దవాఖాన గోడ మీద మీ పోస్టరే ఉంటుంది. చీటీ మీద రెండు నెలలని రాసిన చేయి దాని కిందే దగ్గుమందు, అలర్జీ గోలీ, ఐదు రోజుల యాంటీబయాటిక్ రాసింది. ఆ డాక్టరును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆ రోజు ఓపీ లైను బయట గేటు దాకా ఉందని ఆమే చెప్పింది. కానీ ఆ రోజు అవగాహన లేనిది ఎవరికి? ఆమెకా?

చివరికి ఎలా బయటపడిందంటే, పక్క ఊరి ఆశా కార్యకర్త బస్సులో పక్క సీట్లో కూర్చుంది. దగ్గు విని, ఎన్నాళ్ళ నుంచక్కా అని అడిగింది. మరుసటి రోజు పొద్దున్నే డబ్బా ఇచ్చి తెమడ తీసుకెళ్ళింది. తెమడలో టీబీ క్రిమిని పట్టే ట్రూనాట్ మిషన్‌లో పెట్టారు, తేలిపోయింది. ఖర్చు సున్నా. ఏడు సీసాల తర్వాత, ఒక బస్సు సీటు వల్ల.

ఇది ఒక్క ఆడమనిషి కథ, దీన్ని పట్టుకుని వ్యవస్థ మొత్తాన్ని అంటారా అని మీరు అడగొచ్చు, అడగాలి కూడా. అందుకే ఢిల్లీలో జరిగిన పని గుర్తుచేస్తాను. జిష్ణు దాస్ అనే ఆర్థికవేత్త, మధుకర్ పాయ్ అనే టీబీ పరిశోధకుడు, వాళ్ళ బృందం కలిసి మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, టీబీ లక్షణాలున్న రోగుల్లా డాక్టర్ల దగ్గరికి పంపారు. రెండు మూడు వారాలుగా దగ్గు, జ్వరం అని చెప్పాలి, డాక్టరు ఏం చేశాడో బయటికొచ్చాక రాసుకోవాలి. ముందుగా డాక్టర్ల అనుమతి తీసుకున్నారు, అయితే ఏ రోజు ఎవరు వస్తారో వాళ్ళకు తెలియదు. 250 సార్లు అలా వెళ్తే సరైన పని జరిగింది 52 సార్లు. 2015లో వచ్చాయి ఈ ఫలితాలు. తర్వాత ముంబై, పట్నాల్లో ఇంకా చాలా పెద్ద ఎత్తున, రెండున్నర వేలకు పైగా సార్లు చేసినప్పుడు కూడా సరిగా చూసింది మూడింట ఒక వంతు దాకానే. ఈ లెక్కలో రోగి అవగాహనకు చోటే లేదు, గమనించండి. వచ్చిన రోగులందరూ లక్షణాలు తడుముకోకుండా చెప్పారు, వాళ్ళకు నేర్పించిందే అది. అయినా ఢిల్లీలో ఐదుసార్లలో నాలుగుసార్లు గురి తప్పింది. తప్పింది టేబుల్‌కి అవతలి వైపు.

1963లో దగ్గుమందు సీసా, 2015లో దగ్గుమందు సీసా, మొన్న పాలమూరులో ఆ గూట్లో దగ్గుమందు సీసా. మరి మన రిపోర్టుల్లో మాత్రం ప్రతిసారీ ‘అవగాహన లోపం’.

మూఢనమ్మకాల మాట కూడా తేల్చుకుందాం. చేతబడి అనుకునేవాళ్ళు, తాయెత్తు కట్టించుకునేవాళ్ళు నాకు కనపడరని అనను. కనపడతారు. ఆ ఏడు సీసాల ఆమె మెడలో కూడా తాయెత్తు ఉంది. కానీ తాయెత్తు కట్టుకున్న మనిషి గోలీలు వేసుకోదని ఎవరు చెప్పారు? ఆమె రెండూ చేస్తోంది. హైతీలో పాల్ ఫార్మర్ ఇదే సంగతి చూశాడు. ఆయన డాక్టరూ, ఆంత్రపాలజిస్టూ. అక్కడి పల్లెల్లో చాలామంది టీబీ ఎవరో చేయించిన చెడుపు వల్ల వస్తుందని నమ్మేవాళ్ళు. ఫార్మర్ బృందం ఒక గుంపుకు ఉచితంగా మందులు మాత్రమే ఇచ్చింది. ఇంకో గుంపుకు మందులతో పాటు తిండి, నెలనెలా కొంత డబ్బు, ఇంటికి వచ్చి పలకరించే కార్యకర్త, ఇవన్నీ ఇచ్చింది. మందులు మాత్రమే అందినవాళ్ళలో సగం మందికి కూడా పూర్తిగా నయం కాలేదు, రెండో గుంపులో అందరికీ నయమైంది. చెడుపు మీద ఉన్న నమ్మకానికీ మందులు వేసుకోవడానికీ సంబంధమే కనపడలేదు. నమ్మేవాళ్ళూ మింగారు, నమ్మనివాళ్ళూ మింగారు, కడుపులో తిండి, చేతిలో బస్సు చార్జీ ఉంటే.

తిండి మాట వచ్చింది కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను. ఒకప్పుడు టీబీ అంటే కొండ మీది గాలి. మన దగ్గర మదనపల్లె ఆరోగ్యవరంలో 1915లోనే శానిటోరియం వచ్చింది, తర్వాత వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల మీద. మా తాతల తరంలో ‘అనంతగిరికి పంపారు’ అంటే ఇంట్లో ఏడుపులే. 1950ల చివర్లో మద్రాసులో వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ డాక్టరు, ఆయన బృందం చేసిన అధ్యయనం ఆ గుట్టల అవసరాన్ని తీసేసింది. పేట ఇరుకిళ్ళలో ఉంటూ మందులు వాడినవాళ్ళూ, శానిటోరియంలో మంచి తిండి తింటూ వాడినవాళ్ళూ దాదాపు ఒకేలా కోలుకున్నారు. ఇంట్లోవాళ్ళకు అదనంగా అంటుకోలేదు కూడా. ప్రపంచం మొత్తానికీ పనికొచ్చిన సంగతి అది, మన పక్కనే తేలింది. అయితే అందులోంచి మనం ఒక తప్పు పాఠం కూడా నేర్చుకున్నామని నాకనిపిస్తుంది. మందు ఇస్తే చాలు, తిండి సంగతి తర్వాత అని. అరవై ఏళ్ళకు జార్ఖండ్‌లో అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ అనే డాక్టర్లు రేషన్స్ పేరుతో చేసిన అధ్యయనం ఆ లెక్కను సరిచేసింది. రోగికి మాత్రమే కాకుండా ఇంట్లో మిగతా పెద్దవాళ్ళలో ఒక్కొక్కరికీ నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, పిల్లలకు అందులో సగం ఇస్తే, ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. కిలోన్నర కందిపప్పు చేసిన పని అది. 2023లో అచ్చయింది. ఏ టీకా గురించైనా ఇలాంటి వార్త వచ్చుంటే పేపర్లన్నీ మొదటి పేజీలో వేసేవి.

మీరు ఏమీ చేయడం లేదని నేను అనడం లేదు. దేశంలో లక్ష మందికి 2015లో 237 కేసులుండేవి, 2024కి 187కి వచ్చాయి. ఊరికే రాలేదు అది, మండలాల్లో తిరిగి రోగుల మందులు చూసుకునే మీ ఎస్‌టీఎస్‌ల బండి టైర్లు అరిగితే వచ్చింది. పోషణ కోసం 2018లో నెలకు 500 రూపాయలు మొదలుపెట్టారు, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. మంచి నిర్ణయం, మనసారా అంటున్నాను. కానీ 2025 నాటికి టీబీని అంతం చేస్తామనే కదా మనం 2018లో చెప్పుకున్నది. ఆ దూరం ఎందుకు మిగిలిపోయిందో తెలుసుకోవాలంటే ఆ వెయ్యి రూపాయలు ఇంటి గడప దాటి వంటింట్లోకి వెళ్తున్నాయా అని చూడాలి.

ఏడు సీసాల ఆమె డబ్బు ఏ ఖాతాలో పడుతుందో తెలుసా? ఆమె పేరు మీదున్న ఖాతాలోనే. ఆ ఖాతా ఏటీఎం కార్డు పుణెలో భర్త జేబులో ఉంది. అతను చెడ్డవాడేం కాదు, అక్కడ గది అద్దె కట్టుకోవాలి. మీ పోర్టల్‌లో మాత్రం ‘చెల్లించబడింది’ అని పచ్చగా కనిపిస్తుంది. ఇంకో ఇంట్లో ఆధార్ లింకు కాలేదని నాలుగు నెలలు ఆగి, మందుల కోర్సు ముగిసే వేళకు ఒకేసారి పడ్డాయి. ఆ డబ్బుతో వాళ్ళు అప్పు తీర్చుకున్నారు, తప్పేం లేదు. కానీ గుడ్డు తినాల్సిన నెల దాటిపోయింది కదా. బరువు మొదటి రెండు నెలల్లో పెరగాలి, ప్రాణం నిలబెట్టేది అదే అని ఆ జార్ఖండ్ అధ్యయనమే చెప్పింది.

ఇక ఫోటోల సంగతి. ఇది రాస్తుంటే నాకు కోపం వస్తోంది, దాచుకోను. నిక్షయ్ మిత్ర పేరుతో దాతలు పోషకాహారం కిట్లు ఇస్తున్నారు, చాలా మంచిది. కానీ కిట్టు ఇచ్చేటప్పుడు వరసగా నిలబెట్టి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి నాతో మాట్లాడింది. ఆ ఫోటో ఊరి గ్రూపులోకి వచ్చింది, అక్కణ్ణుంచి సంబంధం మాట్లాడుకుంటున్న ఊరికి వెళ్ళింది, వాళ్ళు మళ్ళీ ఫోన్ చేయలేదు. ఆ అమ్మాయి తర్వాతి నెల కిట్టు తీసుకోవడానికి వెళ్ళలేదు. మందులు మాత్రం మానలేదు, వాళ్ళమ్మ వేరే మండలం వెళ్ళి తెస్తోంది. ఆ కిట్టు ముట్టుకోని అమ్మాయిని మీ ఫారంలో ఏమని రాస్తారు? ‘ఆసక్తి చూపలేదు’ అనా? ఫోటో లేకుండా బిల్లు పాస్ కాదంటే కిట్ల సంచుల ఫోటో తీయండి. మనుషుల మొహాలు ఎందుకు?

టీబీ ముక్త పంచాయతీలు, అంటే టీబీ లేని ఊళ్ళని ప్రకటించే పంచాయతీల గురించి కూడా ఒక మాట. వెయ్యి జనాభాకు కేసులు ఒకటికి మించకూడదు, పరీక్షలు మాత్రం 30కి తగ్గకూడదు, ఇంకా కొన్ని షరతులు. అన్నీ ఉంటే సర్పంచుకు గాంధీ బొమ్మ ఇస్తారు, మొదటి ఏడాది కాంస్యం రంగుది. పరీక్షల షరతు పెట్టడం తెలివైన పని, ఎవరు ఆలోచించారో గానీ. అయినా ఊళ్ళో తిరిగితే ఇంకో సంగతి కనపడుతుంది. వలసపోయి దగ్గుతో తిరిగొచ్చిన మనిషి ఎవరి లెక్కలోకి రావాలన్న దగ్గర గుంజాటన మొదలవుతుంది. వాళ్ళు ఇక్కడ ఉండరు కదా, పుణెలో రాయించుకోమనండి అంటారు. సైటు దగ్గరేమో ఆధార్‌లో ఉన్న ఊరికి పొమ్మంటారు. పాలమూరు మనిషికి ఇది కొత్త కాదు, దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, ఎక్కడ స్లాబు వేసినా చేయి వాళ్ళది, పేరు ఎక్కడా ఉండదు. కనీసం జబ్బు రిజిస్టరులోనైనా వాళ్ళ పేరు నిలకడగా ఉండాలి కదా.

మధ్యలో మందులు ఆపేసినవాళ్ళ గురించి. ఒకప్పుడు రిజిస్టరులో వాళ్ళను ‘డిఫాల్టర్’ అనేవాళ్ళం, బ్యాంకు బాకీ ఎగ్గొట్టినవాళ్ళను అన్నట్టు. ఇప్పుడు పదం మారింది, ఫారంలో మాట తీరు మారలేదు. కారణం అనే గడిలో ఇంకా రోగి వైపు తప్పులే ఎక్కువ: తాగుడు, వలస, నిర్లక్ష్యం. 2024 మార్చిలో ఏమైందో మీకు నాకంటే బాగా తెలుసు. చాలా రాష్ట్రాల్లో టీబీ గోలీలకు కటకట వచ్చింది, మూడు నెలలకు సరిపడా స్థానికంగా కొనుక్కోండని కేంద్రమే రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. నెల మందు కోసం వచ్చినవాళ్ళకు ఐదు రోజులది, వారం రోజులది చేతిలో పెట్టి మళ్ళీ రమ్మని పంపిన చోట్లున్నాయి. అలా రావడానికి రోజు కూలి పోగొట్టుకుని, మూడోసారి రాలేకపోయిన మనిషి ఉంటే, అతని పేరు ఎదురుగా ‘స్టాకు లేదు’ అని రాసే గడి ఫారంలో ఉండాలి. లేకపోతే పదేళ్ళ తర్వాత ఆ రిజిస్టరు తీసి చదివే నాలాంటి వాళ్ళు, ఇతను నిర్లక్ష్యంగా మానేశాడని రాసిపెడతారు. అబద్ధం శాశ్వతమవుతుంది.

నేను అడిగేవి పెద్దవి కావు. కేసు నమోదు చేసేటప్పుడు మూడు ప్రశ్నలు కలపండి: ఇక్కడికి వచ్చేలోపు ఎన్ని చోట్లకు వెళ్ళారు, దగ్గు మొదలై ఎన్ని రోజులు, ఇప్పటిదాకా ఎంత ఖర్చు. ఆశా కార్యకర్తకు ఐదు నిమిషాలు. ఏడాది తిరిగేసరికి మీ జిల్లాలో ఏ మండలంలో మనిషి ఎక్కడ చిక్కుకుపోతున్నాడో మీ కళ్ళ ముందు ఉంటుంది. అది చూసి పోస్టరు ఎక్కడ అంటించాలో మీరే నిర్ణయించుకోవచ్చు. ఊరి గోడ మీదా, ఓపీ టేబుల్ మీదా అని. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు, జనం మొదట వెళ్ళేది అక్కడికే. రెండు వారాల దగ్గున్న మనిషిని తెమడ పరీక్షకు పంపితే వాళ్ళకూ ఇంత గౌరవం, ఇంత డబ్బు దక్కేలా చూడండి. కేసు తెలియజేసినవాళ్ళకు ప్రోత్సాహకం అని మీ దగ్గరే పథకం ఉంది, అది పల్లెలో ఎవరికీ తెలియదు. జిల్లా సమీక్షకు టీబీ నుంచి కోలుకున్న ఇద్దర్ని పిలవండి, సన్మానానికి కాదు, మాట్లాడటానికి. మొదటి అరగంట వాళ్ళకివ్వండి. చివర్లో వందన సమర్పణకు ముందు ఇచ్చే ఐదు నిమిషాల్లో ఎవరూ నిజం చెప్పరు.

మాలాంటి పరిశోధకుల మీద మీకున్న కంప్లైంటు కూడా నాకు తెలుసు. వస్తారు, ఇంటర్వ్యూలు చేస్తారు, వెళ్ళిపోతారు, రెండేళ్ళకు ఇంగ్లీషులో పేపరు వస్తుంది, అది మాకు అందదు అని. నిజమే. అందులో తప్పు మాదే. అందుకే ఈసారి ముందు మీకే, తెలుగులోనే రాస్తున్నాను, పేపరు సంగతి తర్వాత చూసుకుంటాను.

పోయిన వారం మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. మందులు మొదలుపెట్టినప్పుడు ఆమె బరువు 33 కిలోలు, రోజుకు రెండు గోలీలు. ఇప్పుడు 39. బరువు పెరిగింది కాబట్టి మోతాదు మార్చి రోజుకు మూడు చేశారు. నేను వెళ్ళేసరికి అత్త మొహం వాడిపోయి ఉంది. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, "జబ్బు ముదిరిందేమో బిడ్డా, గోలీలు పెంచిండ్రు. మాకు చెప్తలేరు" అంది. కోడలు అప్పటికి రెండు రోజులుగా మూడో గోలీ వేసుకోకుండా డబ్బాలో దాచిపెట్టింది. తాయెత్తు వల్ల కాదు, మూఢనమ్మకం వల్ల కాదు. గోలీలు పెరిగితే జబ్బు పెరిగినట్టు అనుకోవడం ఎవరికైనా సహజం, నేనైనా అదే అనుకుంటాను. స్ట్రిప్పు చేతిలో పెట్టేటప్పుడు, నువ్వు బరువు పెరిగావమ్మా, అందుకే ఒకటి పెంచాం, మంచి కబురే అని ఎవరూ అనలేదు. ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. ఆమె నవ్వుతూ ఆ రెండు మాటలూ చెప్పింది. అత్త వెంటనే చెంబుతో నీళ్ళు తెచ్చింది.

పండుగ అయ్యాక ఆమె మళ్ళీ పుణె వెళ్తోంది. కమ్మలు విడిపించాలి, ఇక్కడ కూర్చుంటే కుదరదు అంటోంది. ఇంకా రెండు నెలల మందులు మిగిలి ఉన్నాయి. ఆన్‌లైన్‌లో అక్కడికి బదిలీ చేస్తామని చెప్పారట, కానీ సైటు ఏ వార్డులో ఉందో ఆమెకు తెలియదు, మరాఠీ రాదు, ఫోన్ భర్త దగ్గర ఉంటుంది. ఆమె బస్సెక్కే లోపు, అక్కడ ఏ సెంటర్‌కి వెళ్ళాలో, ఎవరిని అడగాలో, వాళ్ళ నంబరేంటో ఒక కాగితం మీద తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి రాసి ఇవ్వగలరా? వివరాలు అడిగితే నేను వచ్చి చెబుతాను.

ఇట్లు,
ఇళ్ళు తిరిగి రాసుకునే ఒక పరిశోధకురాలు